హీటరు ప్లగ్గులూ, అనకూడని మాటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనకూడని మాట ఒకటుండేది. బూతు మాటేమీ కాదు, ‘లేదు’ అన్న మాట. మా వైపు నోటికి అది ‘నేదు’. డబ్బాలో బియ్యం అయిపోతే ‘బియ్యం నేవు’ అనకూడదు, ‘నిండుకున్నాయి’ అనాలి. దేవుడి దగ్గర దీపం ఆరిపోతే ‘దీపం నేదు’ అనకూడదు, ‘కొండెక్కింది’ అనాలి. ఇక తెల్లవారుజామున ఎవరైనా ప్రయాణమై గుమ్మం దిగుతుంటే ఆ మాట చెవిన పడనే కూడదు. ఈ కట్టుబాట్లన్నీ మా నాయనమ్మవి. ఆవిడ శృంగవరపుకోట దగ్గర మైదానంలో పుట్టి పెరిగిన మనిషి. మా నాన్న కాఫీ తోటలో మేస్త్రిగా చేరితే ఆయన వెంట కొండల్లోకి వచ్చింది. “మనం ఉన్నదే కొండ మీద కదా, ఇంక దీపం ఏ కొండెక్కుతుంది?” అని నేనొకసారి అడిగాను. మొట్టికాయ పడింది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఒకే ఒక్క ఉదయం ఆ మాటని పదహారుసార్లు, గొంతెత్తి, తోటంతా వినపడేలా అన్నాను. అది 1969 జనవరి ఎనిమిదో తేదీ, బుధవారం. ఆ రోజుకి నా వయసు పదేళ్ళ మూడు నెలల పంతొమ్మిది రోజులు. తారీఖులు రాసి పెట్టుకునే అలవాటు నాకు ఆ బుధవారం నుంచే మొదలైంది కాబట్టి ఇందులో తేడా ఉండదు.

మా తోట చింతపల్లికీ లంబసింగికీ మధ్య ఉండేది. జనవరిలో అక్కడి చలి ఎలాంటిదో అనుభవించినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే చూస్తే గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉండేది. కాఫీ పళ్ళు కోసి, కళ్ళంలో ఆరబోసి, బస్తాలకెత్తితే ప్రతి బుధవారం తెల్లవారుజామున లారీ వాటిని నర్సీపట్నం తీసుకెళ్ళేది. మా వైపు బస్సు వారానికి రెండు రోజులే, సోమవారం ఒకటి, శుక్రవారం ఒకటి. మిగతా రోజుల్లో కిందికి దిగాలంటే ఆ లారీయే దిక్కు. దాన్ని నడిపే ఆయన్ని పిల్లా పెద్దా అందరం ‘డ్రైవరు మావ’ అనేవాళ్ళం. ఎవరికీ చుట్టం కాడు, అందరికీ మావే. మెడకి ఎర్ర మఫ్లరు, చెవి మీద సగం కాల్చిన చుట్ట, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం.

ఆ బుధవారం లారీ ఎక్కాల్సింది మా పక్కింటి అక్క. వాళ్ళది ఆ కొండల్లోని కుటుంబమే. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు, మాకందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి. అక్క పదో తరగతి పాసై నర్సు ట్రైనింగుకి అర్జీ పెట్టింది. విశాఖపట్నంలో ఇంటర్వ్యూ, బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఉత్తరం అందేసరికే సోమవారం బస్సు వెళ్ళిపోయింది. అక్కకి మేనమామ కొడుకుతో పెళ్ళి మాటలు అప్పటికే అయిపోయి ఉన్నాయి. సీటు వస్తే రెండేళ్ళు ఆగుతాం, రాకపోతే ఫిబ్రవరిలో పెళ్ళి అన్నారు అటువైపు వాళ్ళు. అంటే ఆ లారీ కదిలితే నర్సు, కదలకపోతే ఫిబ్రవరి. అక్క ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. కానీ మంగళవారం సాయంత్రం తెల్ల చీరని ఇత్తడి చెంబులో నిప్పులు పోసి మూడుసార్లు ఇస్త్రీ చేసింది. నేను లెక్కపెట్టాను.

మర్నాడు అయిదూ పదికి కళ్ళంలో లారీ మూలుగు వినపడాలి. వినపడలేదు. నేనూ నాయనమ్మా శాలువాలు కప్పుకుని వెళ్ళేసరికి అక్క తెల్ల చీరలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా, రేకు పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. చెప్పులు మంచుకి తడిసిపోతాయని పెట్టెలో దాచుకుందట. మాస్టారు లాంతరు వెలుగులో చేతి గడియారం చూస్తున్నారు. లారీ క్లీనరు చలిజ్వరంతో గోనె సంచులు కప్పుకుని ఒక మూల వణుకుతున్నాడు. మావ బానెట్టు ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. ఇంజను కింద ఒక కుంపటి.

“హీటరు ప్లగ్గులు పోనాయి మాస్టారూ,” అన్నాడు మావ. “బండికి సలేసింది.”

ఆ లారీ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజనులో ఆరు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక హీటరు ప్లగ్గు. అంత చలిలో ఆ ప్లగ్గులు ముందు కాగితే గానీ లోపల డీజిలు అంటుకోదు. ఆరింటినీ, పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డట్టు, ఒకే వరసలో కలిపారు. ఒక్కటి కాలిపోతే వరస తెగిపోయి ఆరూ చల్లగా ఉండిపోతాయి. ఏది పోయిందో పైకి తెలియదు. స్టీరింగు పక్కన, చిల్లుల మూత వెనక, అంగుళం పొడవున ఒక తీగ చుట్ట ఉంటుంది. ప్లగ్గులు వేడెక్కితే అదీ ఎర్రబడుతుంది. దాన్ని చూసుకునే మావ ఇంజను తిప్పుతాడు. ఆ రోజు అది నల్లగానే ఉంది.

చెడిన ప్లగ్గుని పట్టుకునే ఉపాయం ఒకటుంది. ప్లగ్గుకున్న రెండు కొసల్నీ స్క్రూడ్రైవరుతో కలిపితే కరెంటు దాన్ని దాటుకుని పోతుంది. మంచి ప్లగ్గుని దాటిస్తే ఏమీ జరగదు. కాలిపోయినదాన్ని దాటిస్తే మాత్రం లోపల తీగ ఎర్రబడుతుంది. దొంగ అదేనన్నమాట. కాకపోతే ఒక మనిషి లోపల ప్లగ్గులకి కరెంటు వదిలే బుడిపె లాగి పట్టుకుని తీగని చూస్తుండాలి, ఇంకో మనిషి బయట స్క్రూడ్రైవరు పట్టుకోవాలి. ఎప్పుడూ చూసేవాడు క్లీనరు. వాడేమో పళ్ళు కొట్టుకుంటూ పడుకున్నాడు. మాస్టారికి చత్వారం, గడియారమైతే చెయ్యి చాచి చూస్తారు గానీ అంగుళం తీగ ఆయనకి ఆనదు. మావ నా వైపు చూశాడు.

“ఏటే గుంటా, లెక్కలు బాగా సేత్తావంట. ఎర్ర రంగు తెల్సా?”

ఎక్కేశాను! లారీ ముందు సీటులో కూర్చోవడం నాకదే మొదటిసారి. కాళ్ళు కిందికి అందలేదు. నా రెండు చేతులూ పెడితే గానీ బుడిపె కదల్లేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆ చప్పుడుకే ఇంజను అంటుకుంటుందేమో అనిపించింది. ఎక్కుతూనే నేను చేసిన పని ఒక లెక్క. నర్సీపట్నం ముప్పై ఆరు కిలోమీటర్లు. బరువుతో ఘాటు దిగే లారీ గంటకి పదిహేను. అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. విశాఖ బస్సు తొమ్మిదింపావుకి. “ఆరూ యాభై ఒకటి లోపల కదలాలి,” అని ప్రకటించాను. మాస్టారు గడియారం చూసి తలూపారు. అప్పుడు అయిదూ నలభై.

“ఒకటో నంబరు పెట్టేను,” అని అరిచాడు మావ బానెట్టు కింద నుంచి. “ఎలిగిందా?”

వెలగలేదు. కానీ ఎలా చెప్పను? తలుపు పక్కనే నాయనమ్మ నిలబడి ఉంది. పక్కన అక్క ప్రయాణమై ఉంది. తెల్లవారుజాము. వెలగాల్సిన దాని గురించి ఆ మాట అనకూడదు కదా. నాకు తెలిసిన మర్యాద మాటే చెప్పాను.

“కొండెక్కింది మావా!”

“ఏటీ?” బానెట్టు కింద నుంచి మావ తల బయటికొచ్చింది. “బండి ఇంకా కల్లంలోనే ఉంది, అప్పుడే కొండెక్కడమేటే?”

క్లీనరు కూడా గోనె సంచి కింద నుంచి నవ్వాడు. అక్క నవ్వలేదు. నాయనమ్మ మాత్రం, “గుంట సరిగ్గానే అంది. ఎలగనిదాన్ని అలాగే అనాల,” అని నా తరఫున మాట్లాడింది. నాకు ధైర్యం వచ్చింది. రెండో నంబరుకీ అదే చెప్పాను. ఈసారి గొంతు చిన్నదైంది. ఎందుకంటే ‘కొండెక్కింది’ అన్న ప్రతిసారీ అక్క పెట్టెని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటోంది.

మూడో నంబరు. “ఎలిగిందా?”

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గుగానే ఉంటుంది. కుంపటి వెలుగు మూత మీద పడిందో, నా ఆశే పడిందో, ఎరుపు కనపడినట్టు అనిపించింది. అనిపించింది, అంతే. అందరి కళ్ళూ నా మీదున్నాయి. అందరికీ కావలసిన మాట ఏదో నాకు తెలుసు.

“ఎలిగింది!”

మావ ఒక్క గంతులో వచ్చి నన్ను పక్కకి జరిపి ఇంజను తిప్పాడు. అది ముసలి ఎద్దులా మూలిగింది, తెల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. మావ లారీ దీపాలు వేసి చూస్తే అవి ఎర్రగా, నీరసంగా వెలిగాయి. వెంటనే ఆర్పేశాడు. తర్వాత మాస్టారితో నెమ్మదిగా అన్నాడు, బ్యాటరీలో ఇంకొక్క తిప్పుడికే ఉందని. తోసి స్టార్టు చేద్దామంటే లారీ కళ్ళం పల్లంలో ఉంది. లారీలో ఎనభై రెండు బస్తాలున్నాయి. ముందు రోడ్డు దాకా ఎత్తు.

ఆయన మళ్ళీ వెళ్ళి బానెట్టు కిందికి వంగాడు. “మూడో నంబరే ఇంకోపాలి పెడతాను, సూడు. పెట్టేను. ఎలిగిందా?”

ఒకసారి వెలిగిందన్నాక రెండోసారి వెలగలేదని ఎలా అంటాను? “ఎలిగింది మావా,” అన్నాను.

ఆయన మెల్లగా నడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, ఖాళీగా ఉన్నాయి. స్క్రూడ్రైవరు ఆయన చొక్కా జేబులో ఉంది. ఆ రెండోసారి అసలు దాన్ని బయటికే తియ్యలేదు.

నా ముఖం చలిలో కూడా మండిపోయింది. దిగి పారిపోదామంటే కాళ్ళు నేలకి అందవు. మావ కిటికీ అంచు మీద మోచేతులు ఆన్చి, నాకు మాత్రమే వినపడేలా మాట్లాడాడు. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

“సూడు గుంటా. తీగ ఎలగనంతసేపూ బ్యాటరీలోంచి కరెంటు బొట్టు కూడా పోదు. నువ్వు నేదు, నేదు అని పొద్దెక్కేదాకా అన్నా మనకి పోయేదేం నేదు. నువ్వు ఉంది అన్నప్పుడే నాను తిప్పుతాను. అప్పుడే బ్యాటరీ పోద్ది. నేదు అంటే నాకు దారి తెలుత్తాది. దొంగ ‘ఉంది’కే దారి తప్పుతాను. తెలిసిందా?”

తెలిసింది. కానీ నాయనమ్మ ఉంది కదా. నా చూపు ఎటు పోయిందో మావ కనిపెట్టేశాడు. వెనక్కి తిరిగి, చేతులు జోడించి, నాటకంలో రాజుకి విన్నవించుకున్నట్టు అన్నాడు, “అవ్వా, ఇది దీపం కాదు, హీటరు. దీనికి మడీ నేదు, ఆచారం నేదు. గుంటని నేదు అననిత్తావా?”

నాయనమ్మ అక్క వైపు చూసింది. అక్క పాదాలు చలికి నల్లబడి ఉన్నాయి. నాయనమ్మ తన శాలువా తీసి కింద పరిచి, “దీని మీద నిలబడమ్మా,” అంది. నిలబడ్డాక నా వైపు తిరిగి, “లారీకి అనొచ్చు. దేవుడికి అనకూడదు,” అంది. ఆ క్షణంలో మా ఇంటి శాసనం సవరించబడింది!

మావ తన తువ్వాలు ఇచ్చాడు. ఫొటో తీసేవాళ్ళు నల్లగుడ్డలో తల దూర్చినట్టు నేను తువ్వాల్లో తల దూర్చి, బయటి వెలుగు పడకుండా ఆ చిల్లుల మూతకి కన్ను ఆన్చాను. లోపల చీకటి. చీకట్లో నల్లటి తీగ. ఒకటో నంబరు. “నేదు!” నా గొంతు నాకే కొత్తగా వినపడింది. రెండో నంబరు. “నేదు!” మూడు. ఊపిరి బిగబట్టి చూశాను. ఆ ఎరుపు ఎక్కడా లేదు. “నేదు!” నాలుగు, అయిదు, ఆరు. నేదు, నేదు, నేదు. అనకూడని మాట అనడంలో ఎంత ఆనందం ఉందో! కళ్ళం పక్కనున్న వేపకొమ్మ మీది కోతి కూడా ఉలిక్కిపడి దూకింది.

కానీ ఆరూ అయిపోయాయి, దొంగ దొరకలేదు. తువ్వాల్లోంచి తల బయటికి తీశాను. గడియారంలో ఆరూ అయిదు. మాస్టారు అక్క చేతిలోంచి పెట్టె తీసుకోబోయారు, ఇక ఇంటికి వెళ్దాం అన్నట్టు. అక్క ఇవ్వలేదు.

మావ చెవి మీది చుట్ట తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని, నన్నే చూస్తున్నాడు. “ఈపాలి నిజమే సెప్పేవా?” అన్నాడు.

“నిజమే మావా.”

“ఆరూ నేదా?”

“ఆరూ నేదు.”

“అయితే పోనాది ఒకటి కాదు, రెండు,” అన్నాడాయన. ఒకటే పోయి ఉంటే దాని వంతు రాగానే తీగ వెలగాలి. రెండు పోతే ఒకదాన్ని దాటించినా రెండోది అడ్డంగా ఉంటుంది. కాబట్టి రెండేసి ప్లగ్గుల్ని ఒకేసారి దాటించి చూడాలి. ఒకదానికి తీగముక్క చుట్టడం, ఇంకోదానికి స్క్రూడ్రైవరు. నా ఆరు ‘నేదు’లూ నిజమైతేనే ఆ ఆలోచన నిలుస్తుంది. ఒక్కటి అబద్ధమైనా అంతా వృథా. ఆయన నా మాట నమ్మాడు. అంతకు పావుగంట ముందు రెండుసార్లు అబద్ధం చెప్పిన నోటి మాట!

“ఎన్ని జతలవుతాయో?” అని మాస్టారు గొణుక్కున్నారు. నేను అప్పటికే లెక్క కట్టేశాను. ఒక్కోదానికి మిగతా అయిదింటితో జత. ఆరైదులు ముప్పై. ఒకటీ రెండూ అన్నా, రెండూ ఒకటీ అన్నా అదే జత కాబట్టి అందులో సగం. “పదిహేను!” మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి నాకిచ్చారు. తలుపు లోపలివైపు ఆ పదిహేను జతలూ వరసగా రాశాను. అయిపోయినదాన్ని కొట్టేస్తూ పోవడానికి.

ఒకటో ప్లగ్గుకి తీగముక్క చుట్టి మావ మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ, “నేదు!” ఒకటీ మూడూ, “నేదు!” ఆయన వేళ్ళు చలికి కొంకర్లు పోతుంటే మధ్యమధ్య కుంపటి మీద కాచుకుంటున్నాడు. తీగముక్క రెండో ప్లగ్గుకి మారింది. రెండూ మూడూ, రెండూ నాలుగూ. అన్నీ నేదు. తూర్పు వైపు ఆకాశం తెల్లబడుతోంది. తువ్వాలు ఇంకా బిగించుకున్నాను. తీగముక్క మూడో ప్లగ్గుకి మారింది. ఆరూ ముప్పై తొమ్మిది. మూడూ నాలుగూ, “నేదు!” అది పదహారో నేదు.

మూడూ అయిదూ.

చీకట్లో తీగకి ఒక అంచున, అగరొత్తి కొసంత, ఏదో మారింది. నేను అరవలేదు. అరవాలని ఒళ్ళంతా ఊగిపోయింది, పళ్ళు కరచుకున్నాను. ఇంతకుముందూ ఇలాగే అనిపించింది కదా. ఆ ఎరుపు పాకుతూ వచ్చి సగం చుట్టని పట్టుకుంది.

“ఏటే, సప్పుడు సెయ్యవేటి?” బయట నుంచి మావ.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు. “తియ్యి మావా! నాకు సెప్పకుండా తియ్యి! మళ్ళీ సెప్పకుండా పెట్టు!”

 బయట మావ పకపకా నవ్వడం వినపడింది. “ఓలమ్మ! నా మందు నాకే తినిపిస్తంది!” అని, ఇంక మాట్లాడలేదు. నేను కన్నార్పకుండా చూశాను. తీగ నల్లబడింది. “తీసేవు!” అన్నాను. కాసేపటికి మళ్ళీ ఎరుపు పాకింది. “పెట్టేవు!” మళ్ళీ నల్లబడింది. “తీసేవు!” మూడుసార్లూ సరిపోయింది. అప్పుడు తువ్వాలు విసిరేసి, కిటికీలోంచి సగం బయటికి వచ్చి, కొండలు మారుమోగేలా అరిచాను. “ఉంది! ఉంది! మూడూ అయిదూ! ఎలిగింది మావా!”

ఆరూ నలభై నాలుగు. మావ ఆ రెండు ప్లగ్గులకీ రాగి తీగ చుట్టి బిగించాడు. ఆరు ప్లగ్గులున్నప్పుడు ఆయన నలభై అయిదు అంకెలు లెక్కపెట్టి ఇంజను తిప్పేవాడు. నాలుగే మిగిలాయి కాబట్టి ముప్పై చాలని నేను లెక్క చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఇవాళ చలి ఎంతుందో లెక్కకి తెలియదు, కంటికి తెలుస్తుంది, రంగు చూసి చెప్పు అన్నాడు. మరీ ఎక్కువసేపు పట్టుకుంటే మిగిలిన నాలుగూ కాలిపోతాయి. తక్కువైతే ఆ ఉన్న ఒక్క తిప్పుడూ పోతుంది. నేను బుడిపె లాగి పట్టుకుని మనసులో లెక్కపెడుతూ చూశాను. ముప్పై దగ్గర ఇంకా ముదురు రంగే. ముప్పై మూడు దగ్గర నారింజ తొన రంగు వచ్చింది.

“ఇప్పుడు!”

పక్కనే కూర్చున్న మావ తిప్పాడు. ఇంజను మూలిగింది. ఒకసారి దగ్గింది. ఆగిపోతుందనుకున్నాం. రెండోసారి దగ్గింది, ఊగింది, ఒక్కసారిగా నల్లటి పొగ కక్కి, పళ్ళన్నీ టకటకలాడిస్తూ అందుకుంది! ముందు నాలుగు కాళ్ళ మీద కుంటినట్టు, తర్వాత ఆరు కాళ్ళ మీద పరిగెత్తినట్టు. నా కింద సీటూ, నా దవడా, తలుపు మీద సుద్దతో రాసిన పదిహేను జతలూ అన్నీ వణికిపోయాయి. క్లీనరు గోనె సంచుల్లోంచి చేతులు బయటికి తీసి చప్పట్లు కొట్టాడు. మాస్టారు గడియారం చూడటం మర్చిపోయారు. నేనే లాక్కుని చూశాను. ఆరూ నలభై ఎనిమిది.

నన్ను దింపి అక్కని ఎక్కించారు. నాయనమ్మ తన శాలువాని దులిపి అక్క భుజాల మీద కప్పింది, అది అలాగే వెళ్ళిపోయింది. అక్క కిటికీలోంచి వంగి, “ఎల్లొత్తానే,” అని నా బుగ్గ గిల్లింది. ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. లారీ ఎనభై రెండు బస్తాలతో, పొగతో, మోతతో పల్లంలోంచి కదిలి రోడ్డు ఎత్తు పట్టింది. నాయనమ్మ నా పక్కన నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఇదిగో, ఇప్పుడు ఎక్కిందే కొండ,” అంది. ఆవిడ వేళాకోళం ఆడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

వాళ్ళు నర్సీపట్నం చేరింది తొమ్మిదీ పన్నెండుకి. బస్సుకి మూడు నిమిషాలు మిగిలాయి. పై బుధవారం వచ్చి మావ చెప్పిన సంగతి ఇది. చెబుతూ, కాలిపోయిన మూడో నంబరు ప్లగ్గుని నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకొకటి తట్టింది. నేను అబద్ధం చెప్పింది కూడా మూడో నంబరు దగ్గరే. అంటే నా అబద్ధం సగం నిజమే అయింది. కొంచెం గర్వపడబోయాను కూడా. కానీ ఆ సగం నిజానికే బ్యాటరీ సగం ఖాళీ అయిందని గుర్తొచ్చి ఊరుకున్నాను. చూడకుండా చెప్పిన మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. అయినా దాన్ని పట్టుకుని ఎవరూ లారీ నడపలేరు.

అక్కకి సీటు వచ్చింది. రెండేళ్ళకి నర్సయి మా కొండల్లోకే తిరిగి వచ్చింది. పెళ్ళి ఆ తర్వాతే, ఆ మేనమామ కొడుకుతోనే. నేను ఇంటరు పాసైనప్పుడు నన్ను లాబ్ టెక్నీషియను కోర్సులో చేర్పించింది ఆవిడే. “తువ్వాల్లో తలపెట్టి చూసే పని నీకు అలవాటే గదా,” అంది. అలా ముప్పై ఒక్క ఏళ్ళ రెండు నెలలు కొండల్లోని చిన్న ఆసుపత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. నా పని చలిజ్వరం వచ్చినవాళ్ళ నెత్తుటి చుక్కలో మలేరియా పురుగు ఉందో లేదో చూసి చెప్పడం. అద్దంలో కనపడే గుండ్రటి వెలుగుని నూరు చోట్లకి జరిపి చూస్తే గానీ ‘లేదు’ అని రాయకూడదు. చాలామంది ఇరవై చోట్లు చూసి రాసేస్తారు. వణుకుతున్న బిడ్డని ఎత్తుకుని తల్లి ఎదురుగా నిలబడుతుంది. ‘ఉంది’ అంటే మందు తెలుసు, ఇచ్చి పంపెయ్యవచ్చు. ఆ ‘ఉంది’ అనాలని చెయ్యి లాగుతుంది. అప్పుడు నేను కన్ను ఇంకొంచెం దగ్గరగా ఆన్చేదాన్ని. నూరూ చూసి ‘లేదు’ అని రాసిన కాగితం పట్టుకునే డాక్టరు ఇంకో కారణం వెతకడానికి వెళ్ళేవాడు. అలా దారి దొరికి బతికిన పిల్లల పేర్లు నా నోటు పుస్తకాల్లో తారీఖులతో సహా ఉన్నాయి.

ఇంట్లో మాత్రం నాయనమ్మ శాసనం ఇప్పటికీ నడుస్తోంది. బియ్యం నిండుకుంటాయి, దీపం కొండెక్కుతుంది. ఎవరైనా నా కంటిని నమ్మి ఒక ప్రశ్న అడిగితే మాత్రం ఆ శాసనం అక్కడ చెల్లదు.

పోయిన నెలలో నా కుడికంటికి శుక్లం ఆపరేషను జరిగింది. కట్టు విప్పాక డాక్టరు గోడ మీది అక్షరాల చివరి వరస చూపించి కనపడుతోందా అమ్మా అన్నాడు. పక్కన మా అమ్మాయి చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. పాపం, దానికి ఏ జవాబు కావాలో నాకు తెలుసు. “లేదు,” అన్నాను. అమ్మాయి ముఖం మాడిపోయింది. డాక్టరు నాకు కళ్ళజోడు చట్రం తగిలించి అందులో అద్దం ఒకటి వేశాడు. చివరి వరసలో అక్షరాలు నల్లగా, చీమల్లా వచ్చి నిలబడ్డాయి. ‘కనపడుతున్నాయి’ అని నోటి చివరిదాకా వచ్చింది. ఆగాను. “బాబూ, నాకు చెప్పకుండా ఒకసారి తియ్యి,” అన్నాను.

ఆ కుర్ర డాక్టరు నవ్వాడు గానీ, తీశాడు. లేదు అన్నాను. పెట్టాడు. ఉంది అన్నాను.